గాలి సోకలేదు, ఎముక విరిగింది

ఆ రోజు గంజి ఆరలేదు. ఎండాకాలంలో పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, గంజి పెడితే, కుంచె ఈ కొన నుంచి ఆ కొనకు వెళ్లేలోపే పోగులు గరగరమంటాయి. అందుకే మా గద్వాల నేతగాళ్లు తెల్లవారగానే వీధి పొడవునా పడుగు చాపి, ఎండ ముదరకముందే పని ముగిస్తారు. ఆ రోజు పొద్దున ఒక జల్లు పడి నేల బురదయింది. సరే, పొద్దు వాలినాక చాపుదామనుకున్నాం. చాపి గంజి పెట్టాం. ఎంతసేపైనా పోగులు తడితడిగానే ఉన్నాయి. ఆకు కదలడం లేదు. నా చెవులు రెండూ దూది కుక్కినట్టు మూసుకుపోయాయి. నాకేదో ఒంట్లో బాగాలేదనుకున్నాను.

ఈ సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. కోపం తగ్గక రాస్తున్నాను. నాలాగా దెబ్బ తగిలి, చెప్పింది ఎవరూ నమ్మక మంచంలో పడి ఉన్న ఆడవాళ్లు ఈ పేజీ చదివితే చాలు. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. నేను కూడా మొన్నమొన్నటి దాకా వినేదాన్నే.

అవి రెండో పెద్ద యుద్ధం రోజులు. నూలు దొరకడం గగనమైపోయింది. దొరికిన నూలుతో తీసిన పడుగు ఇంట్లో పసిబిడ్డతో సమానం. మా గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు పడుగుకు పట్టు పడుగును పోగుకు పోగు చేత్తో అతకాలి. మా ఇంట్లో ఆ పని నాది. మా వీధిలో చాలా ఇళ్లకు కూడా నేనే అతికేదాన్ని. కన్ను మూసుకున్నా నా బొటనవేలికి, చూపుడువేలికి పోగు తెలిసేది. నాకున్న ఆస్తి ఆ కుడిచెయ్యే.

మా ఆయన లోపల మగ్గం గుంటలో ఉన్నాడు. మా బావ, అంటే మా ఆయన అన్న, ఇంటికి పెద్ద, పడుగు అవతలి కొన దగ్గర ఉన్నాడు. ఇవతలి కొన దగ్గర నేనున్నాను. పొద్దుటి వానకు నేల మెత్తబడి నా వైపు పడుగు కట్టిన గూటం కదిలింది.

"గూటం ఊడుతుంది, తాడు పట్టు శంకరీ," అని కేకేశాడు బావ.

తాడు ఊరికే చేత్తో పట్టుకుంటే జారుతుంది. మేము మోచేతికి పైన రెండు చుట్లు చుట్టుకుని, ఒంటి బరువంతా వెనక్కి వేసి నిలబడతాం. మా అత్త నాకు నేర్పింది అదే. ఆ రోజూ అలాగే నిలబడ్డాను.

అప్పుడు పడమటి దిక్కు చూశాను. మబ్బు నల్లగా లేదు, పసరు రంగులో ఉంది. దాని కింద నుంచి ఏనుగు తొండంలాంటిది దిగుతూ, ఆగుతూ, మళ్లీ దిగుతూ ఉంది. నేలను తాకగానే దాని కాళ్ల దగ్గర మన్ను లేచింది. కృష్ణ వంతెన మీద రైలు పోతే కింద నిలబడి విన్నవాళ్లకు ఆ మోత తెలుస్తుంది. అలాంటి మోత మా వీధిలోకి వచ్చింది. కుంచెలు పడేసి అందరూ ఇళ్లలోకి పరుగెత్తారు. నేను తాడు విప్పుకోబోయాను.

"ఇడువకు! నూలు దొర్కదు, ఇడువకు!" అన్నాడు బావ.

అని, తన కొన వదిలేసి ఇంట్లోకి ఉరికాడు.

రెండో కొన ఎవరూ పట్టుకోకపోతే పడుగు ఏమవుతుందో నేతగాళ్లకు చెప్పక్కర్లేదు. అది లేచింది. గంజి తడితో బరువెక్కిన పడుగు పడుగంతా తెరచాపలా ఆకాశానికి లేచి నన్ను కూడా లాక్కుపోయింది. నా కాళ్లు నేల మీద లేవు. ఒళ్లంతా ఇసుక గుచ్చుకుంది. భుజం కింద ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు అంత మోతలోనూ వినపడింది, ఎందుకంటే అది నాలోపలి నుంచి వచ్చింది.

కళ్లు తెరిచేసరికి పక్కింటి గొడ్లకొట్టం గోడ కింద ఉన్నాను. మా వరసలో ఇళ్ల మీద రేకు ఒక్కటి మిగల్లేదు. వీధి చివర వేపచెట్టును బట్ట పిండినట్టు మెలిపెట్టి పడేసింది. వెనక వీధిలో మాత్రం తీగ మీద ఆరేసిన బట్టలు ఆరేసినట్టే ఉన్నాయట. గాలి అంత సన్నటి దారిన పోయింది. అదే నా కొంప ముంచింది. ఊళ్లో సగంమంది గాలిని చూడనేలేదు.

చెయ్యి వాచింది, నల్లబడింది. నొప్పి సంగతి చెప్పను, ఎముక విరిగినవాళ్లకు తెలుసు. కానీ ఇంకొకటి ఉంది. నా మణికట్టు కిందికి వేలాడిపోయింది. చెయ్యి పట్టుకుని ఎత్తితే ఎత్తినంతసేపే. వదిలితే చచ్చిన కోడి మెడలాగా పడిపోయేది. "నా మణికట్టు లేస్తలేదు" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఎముకలు కట్టే అతన్ని పిలుస్తానన్నాడు మా ఆయన. బావ ఒప్పుకోలేదు.

"ఎముక సంగతి తర్వాత. దానికి గాలి సోకింది. ముందు గాలి దిగాలె. ఊరంత ఇడిసి మన పడుగే ఎందుకు ఎత్తుకపోయింది? అంటుతోని పడుగు ముట్టింది, గందుకే."

బావ ఎదుట మేము నోరెత్తం. పేరు పెట్టి పిలిస్తే తలుపు చాటు నుంచే జవాబు చెప్తాం. ఆ రోజు తలుపు చాటు నుంచే అయినా వీధికి వినబడేలా చెప్పాను.

"నాకు అంటు ఆగిపోయి ఏడాదాయె. మీ ఇంట్ల ఆడోళ్లందరికి తెలుసు."

లోపల ఆడవాళ్లు కొంగులు నోళ్లకు అడ్డం పెట్టుకున్నారు. అయినా మంత్రగాడు వచ్చాడు.

మిరపకాయల పొగ వేశాడు. వేపకొమ్మ తీసుకుని విరిగిన చేతి మీదే కొట్టాడు, గాలి అందులోనే దాగి ఉందట. "ఏ ఊరిదానివే నువ్వు? పేరు చెప్పు" అని గద్దించాడు.

"గద్వాలదాన్నే. నా పేరు నీకు తెల్వదా? మొన్న పండక్కి మా ఇంట్ల కడుపునిండ తిని పోయినవు గద."

"చూసిండ్రా, ఎంత మొండి గాలో," అన్నాడు వాడు మా బావతో. ఇంకో రెండు దెబ్బలు వేశాడు.

ఇలా వారం మీద వారం పోయింది. భుజం కింద ఒక చిన్న గాయం ఉండేది, గోరంత. అది మూసుకోలేదు. చీము పట్టింది, జ్వరం వచ్చింది. జ్వరంలో నేను మాట్లాడిన ప్రతి మాటనూ గాలి మాట అన్నారు. మా ఆయన మంచివాడని అందరూ అంటారు. పెళ్లాం ఒంటి మీద వేపకొమ్మ ఆడుతుంటే గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకోవడం మంచితనమైతే, మంచివాడే.

నన్ను బతికించింది మా ఆడబిడ్డ ఎల్లమ్మ. మా ఆయనకు అక్క, బావకు చెల్లెలు. మొగుడు పోయాక అమరచింతలో మగ్గం పెట్టుకుని ఒక్కతే బతుకుతోంది. ఆ నోటికి జడిసి ఎవరూ ఆమెను కబురు పంపి పిలవరు. ఎవరో చెప్పగా విని తనే వచ్చింది. వచ్చీరాగానే నా మంచం దగ్గర వంగి, ముక్కు ముడిచి, లేచి బావ ముందుకు పోయింది.

"ఏందన్నా గిది? ఇరిగిన చెయ్యిని కొడుతరా ఎవరన్న? నీ కాలు ఇరిగిననాడు గిట్లనే కొట్టిచ్చుకున్నవా?"

"ఆడిదానివి. గాలి సంగతి నీకు తెల్వదు."

"గాలి తెల్వదు. చీము వాసన తెలుసు. జర వంగి వాసన చూడు, నీకు గూడ తెలుస్తది."

బావ వంగలేదు. ఎల్లమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"ఏరా, బండి కడుతవా, కాడి నన్నే మెడ మీద ఏసుకొమ్మంటవా?"

మా ఆయన బండి కట్టాడు. ముగ్గురం స్టేషనుకు పోయి, రైలెక్కి, నది దాటి, పెద్ద దవాఖాన ఉన్న ఊరికి చేరాం. ఆ ఊరి పేరు, ఆ డాక్టరు పేరు రాయను.

అక్కడైనా నా మాట వింటారనుకున్నాను. డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని చెయ్యి చూశాడు, ఒంటి మీద వేపకొమ్మ వాతలు చూశాడు, తర్వాత మా ఆయన్ను బయటికి పొమ్మన్నాడు.

"నిజం చెప్పమ్మా. ఎవరు కొట్టారు?"

"వాతలు మంత్రగాడు ఏసినయి. చెయ్యి సుడిగాలికి ఇరిగింది."

"మీ ఆయనేనా? భయపడకు."

ఎల్లమ్మకు నవ్వొచ్చింది. "వాడా? వాడు ఈగను కొట్టాలన్నా అన్నను అడిగొస్తడు సారూ."

డాక్టరు నవ్వలేదు. "సుడిగాలికి చెత్త లేస్తుంది, చెయ్యి విరగదు. నువ్వు చెప్తున్నది టోర్నడో. అది అమెరికాలో వస్తుంది. మన దగ్గర రాదు."

"వచ్చింది సారూ."

"రాదమ్మా."

ఇక ఆ వార్డులో నేను మొగుడి చేతి దెబ్బలు దాచిపెట్టే ఆడదాన్ని. మందులిచ్చేవాడూ అదే అడిగాడు, ఊడ్చే మనిషీ అదే అడిగింది. మా ఆయన్ను లోపలికి రానివ్వలేదు. ఇంట్లోనేమో గాలి నాలోనే ఉందన్నారు. ఇక్కడేమో అసలు గాలే రాలేదన్నారు. రెండుచోట్లా నన్ను అబద్ధాలాడేదాన్ని చేశారు. మణికట్టు లేవడం లేదని ఇక్కడా చెప్పాను. "దెబ్బకు వాచింది, అదే తగ్గుతుంది" అన్నాడు చిన్న డాక్టరు.

ఎక్స్‌రే తీశారు. హ్యూమరస్ ఫ్రాక్చర్, అంటే భుజం కింది ఎముక విరిగిందన్నారు. చీము పట్టిన చోట ఇన్‌ఫెక్షన్, కోసి శుభ్రం చేయాలన్నారు. క్లోరోఫామ్ వాసన చూపించారు.

మర్నాడు, టోర్నడో రాదన్న ఆ పెద్ద డాక్టరు తనే నా మంచం దగ్గరికి వచ్చాడు. చేతిలో పళ్లెం ఉంది. అందులో రక్తపు మరకలతో ఒక వెదురు ముక్క.

"ఇదేమిటి?"

"పడుగుల పోగులు కలవకుంట మధ్యల దూర్చే బద్ద. గది యాడ దొరికింది మీకు?"

"నీ చేతిలో. లోపల ఎముక పక్కన. పైన గాయం గోరంతే." ఆ ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "ఇంత పల్చటి బద్దతో మనిషి పొడిస్తే ఇది విరుగుతుంది. లోపలికి పోదు." దాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టి, "ఆ గాలి ఎంతసేపు ఉంది?" అన్నాడు.

అప్పుడు నమ్మాడు. నా నోటిని కాదు, వెదురు బద్దను నమ్మాడు. తప్పుగా అనుకున్నానమ్మా అని ఒక్క మాట అనలేదు. సాయంత్రానికి ఇంకో నలుగురు డాక్టర్లను వెంటబెట్టుకొచ్చాడు. మబ్బు ఏ రంగులో ఉంది, తొండం ఎటు తిరిగింది, మోత ఎలా ఉంది అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ఎంతో మర్యాదగానే అడిగారు.

"గాలి ఆనాడే పోయింది సారూ," అన్నాను. "చెయ్యి ఉంది. గిది లేస్తదా, లేవదా? గది చెప్పుండ్రి ముందు."

పెద్ద డాక్టరు నా మణికట్టు పట్టుకుని పైకెత్తి వదిలాడు. పడిపోయింది. వేళ్లు చాపమన్నాడు. చాపలేకపోయాను. చిన్న డాక్టరు నేల చూపులు చూశాడు.

"దీన్ని రిస్ట్ డ్రాప్ అంటారు. మణికట్టును లేపే నరం, రేడియల్ నర్వ్, దెబ్బతిన్నది. తెగిపోతే తిరిగి రాదు. నలిగితే నెలల మీద రావచ్చు. ఇప్పుడే చెప్పలేను." నా వేళ్లు వంచి చూశాడు. "మొదటి రోజే స్ప్లింట్, అంటే చెక్క కట్టు, వేసి మణికట్టును ఎత్తి ఉంచితే వేళ్లు ఇలా బిగుసుకునేవి కావు."

మొదటి రోజు. మొదటి రోజు నా చుట్టూ ఇంటెడు మంది ఉన్నారు.

ప్లాస్టర్ వేశారు. దాని లోపల మళ్లీ చీము పట్టింది, ప్లాస్టరుకు కిటికీ కోసి కట్టు మార్చారు. చీము తగ్గడానికి సల్ఫా బిళ్లలిస్తే తిన్నదంతా వాంతయ్యేది. జ్వరం తగ్గేది, మళ్లీ వచ్చేది. ఆ రోజుల్లో చచ్చిపోతానన్న భయం నాకు లేదు. చెయ్యి లేకుండా బతుకుతానన్న భయం ఉండేది. అతకలేని ఆడదానికి మా ఇంట్లో మిగిలేవి అంట్లు, పేడ, మాటలు.

జ్వరం పూర్తిగా దిగాక నర్సమ్మ నా వేళ్లతో పని మొదలుపెట్టింది. మణికట్టు కింద చెక్క కట్టి, ఒక్కో వేలినీ వంచి చాపేది. ప్రాణం పోయేది.

"ఏడువు. ఏడుస్తూ చేసినా ఎక్సర్‌సైజే," అనేది. నొప్పి వద్దని చెయ్యి వెనక్కి లాక్కుంటే, "ఈ చేత్తో రేపు నువ్వేం పని చేస్తావు?" అని అడిగింది. పోగులు అతుకుతానన్నాను. అతకడం అంటే ఏమిటో చూపించమంది. నా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు ఆడించి చూపించాను. మర్నాడు పలక, బలపం తెచ్చింది. బలపం పట్టుకోవడానికీ ఆ రెండు వేళ్లే కావాలంది. మొదట గీతలు, తర్వాత సున్నాలు, తర్వాత అక్షరాలు. నాకు చదువు అలా వచ్చింది, ఎక్సర్‌సైజు కింద.

ఇల్లు చేరేసరికి ఎముక అతికింది, మణికట్టు మాత్రం లేవలేదు. స్ప్లింట్ తీయకుండా వేళ్ల పని చేస్తూనే ఉండమని చెప్పి పంపారు. ఇంట్లో బావ తీర్పు సిద్ధంగా ఉంది. గాలి సోకిన మనిషి పడుగు ముట్టకూడదు, ముడితే గాలి పడుగుకు అంటుతుంది. నా చోట ఆయన పెద్దకోడలు కూర్చుంది. నేను అటుగా పోతే పడుగు మీద బట్ట కప్పేవారు. ఒకనాడు ఆ పిల్ల నన్ను చూసి, పాపం, కప్పాలా వద్దా తెలియక బట్ట పట్టుకుని నిలబడిపోయింది. ఆ రోజే మూట కట్టుకుని అమరచింతకు, ఎల్లమ్మ ఇంటికి పోయాను. నాలుగు రోజులకు మా ఆయన వెనకే వచ్చాడు. ఎల్లమ్మ రెండో మగ్గం చూపించింది.

అక్కడ పొద్దస్తమానం పనికిరాని తెగిన పోగులు ముందేసుకుని అతికేదాన్ని. అతుకు పడేది కాదు. పడినా లాగితే ఊడేది. పోగులన్నీ పొయ్యిలో పడేసి, మళ్లీ ఏరుకునేదాన్ని. చలికాలం వచ్చింది. ఒకరోజు స్ప్లింట్ విప్పి అన్నం తింటుంటే పళ్లెం మీద ఈగ వాలింది. కుడిచేత్తో తోలాను. తోలాక తెలిసింది, అరచేతి వెనకవైపుతో తోలానని. మణికట్టు లేచింది.

ఎల్లమ్మ చూసింది. ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే కూర్చుంది.

"ఇంకోసారి తోలు," అంది.

"ఈగ పోయింది."

"పోతే పోయింది. ఉన్నట్టు తోలు శంకరీ."

తోలాను. వేలెడంత లేచి పడిపోయింది. ఇద్దరం అన్నం మర్చిపోయాం.

ఆ తర్వాత కూడా చాలా నెలలు పట్టింది. ఇప్పుడు నాకు యాభై దాటింది. మణికట్టు పూర్తిగా లేస్తుంది. చలికి బొటనవేలు మొద్దుబారుతుంది. నీళ్ల బిందె కుడిచేత్తో ఎత్తలేను. మోచెయ్యి కొంచెం వంకరగానే ఉండిపోయింది. పోగులు అతుకుతున్నాను. మునుపు ఒక పూటలో అయ్యే పని ఇప్పుడు రెండు పూటలు పడుతుంది, అయినా అతుకు ఊడదు. అమరచింతలో పనికి కొదవ లేదు.

పోయిన ఏడు మా బావ వచ్చాడు. గద్వాలలో ఏదో పెద్దింటి పెళ్లి చీర, పట్టు చాలా సన్నం, పెద్దకోడలి చేతిలో పోగులు తెగుతున్నాయట. వాకిట్లో అరుగు మీద కూర్చుని నన్ను చూడకుండా మాట్లాడాడు.

"జర వచ్చి అతికిపోరాదు. అయిందేదో అయింది."

తలుపు చాటున నిలబడలేదు నేను. ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"ఏమయింది బావా? ఆనాడు నీ కొన ఎవరు ఇడిసిండ్రు? నీ నోటితోని చెప్పు. ఇప్పుడే బండెక్కుత."

మా ఆయన మగ్గం ఆడించడం ఆపేశాడు. బావ కండువా దులిపి భుజాన వేసుకుని, "గాలికి ఎవరేం జేస్తరు," అని లేచి వెళ్లిపోయాడు.

ఆయన పడుగు నేను అతకలేదు. అతకను. పెద్దవాడు, అంత దూరం వచ్చాడు, కోపం వదిలెయ్యమని చుట్టుపక్కలవాళ్లు చెప్తుంటారు. వాళ్ల చేతులు బాగానే ఉన్నాయి.

చదువుతున్న మీకు ఒక్కటే చెప్తాను. గాలి ఎత్తి పడేసినా, చెట్టు మీద నుంచి పడినా, మొగుడు కొట్టినా, చెయ్యి విరిగిన మనిషిని మొదటి గంటలోనే మణికట్టు పైకెత్తమనండి, వేళ్లు చాపమనండి. ఎత్తలేకపోతే కింద ఒక చెక్క పెట్టి, మణికట్టు పైకి ఉండేట్టు మెత్తగా కట్టి, ఆ రోజే దవాఖానకు తీసుకుపోండి. డాక్టరు అడగకపోయినా ముందు ఆ మాటే చెప్పండి. వినకపోతే కట్టు విప్పి, చెయ్యి ఎత్తి, ఆయన కళ్ల ముందే వదిలి చూపించండి.